భూపటాలకు దుబాసీలు

కృష్ణా డెల్టాలోని మచిలీపట్నం రేవుకు 1605లో డచ్చివారు, 1611లో ఇంగ్లీషు ఈస్టిండియా కంపెనీవారు వర్తకం కొరకు వచ్చినారు. వచ్చినవారికి తెలుగు రాదు. ఇక్కడి నేతగాండ్రకు, అద్దకపు పనివారికి, షరాబులకు వారి భాషలు రావు. బట్టల బేరం కుదరవలెనంటే ఇరువురి మాటా తెలిసిన మూడవ మనిషి కావలసి వచ్చినది. అతడే దుబాసి. రెండు భాషలు తెలిసినవాడనే అర్థంగల ‘ద్విభాషి’ అను మాటయే వాడుకలో దుబాసి అయినది. సరుకు ఉన్నది, ధనం ఉన్నది. దుబాసి లేని రోజున మాత్రం బేరం లేదు.

కంప్యూటరులో భూపటాలతో పనిచేసేవారికి నేడు సరిగా ఇట్టి స్థితియే ఎదురవుతున్నది. గ్రామాల సరిహద్దులు, కాలువలు, రోడ్లు, సర్వే నంబర్లు మొదలైన సమాచారం కంప్యూటరులో భద్రంగా ఉంటుంది. దానిని చదువవలసిన ప్రోగ్రాము కూడా ఉంటుంది. అయినను ప్రోగ్రాము నడిపిన వెంటనే ‘ఈ రూపం నాకు తెలియదు’ అను సందేశం కనబడుతుంది. ఈ రెంటికీ నడుమ ఉండవలసిన చిన్న ప్రోగ్రామును ‘డ్రైవరు’ అంటారు. మోటారు నడిపే డ్రైవరుకు, దీనికి సంబంధం లేదు. ఇది పటాల లోకపు దుబాసి. దీని అవసరం ఎట్లు వచ్చినది, ఇది లోపించినప్పుడు కారణం ఎట్లు కనుగొనవలెను అను విషయాలు తెలియవలెనంటే కృష్ణా డెల్టాలో పటాలు తయారైన చరిత్రను కొంత వెనుకనుండి చూడవలసి ఉన్నది.

మెకంజీ, కావలి సోదరులు

స్కాట్లండు దేశస్థుడైన కాలిన్ మెకంజీ 1783లో మద్రాసుకు వచ్చినాడు. ఇంజనీరుగా, సర్వేయరుగా దక్షిణదేశమంతటా తిరిగి, 1815లో భారతదేశానికి మొదటి సర్వేయర్ జనరల్ అయినాడు, 1821లో చనిపోయినాడు. అమరావతి స్తూపశిథిలాలను 1797లో చూచి లోకానికి తెలియజేసినది ఈయనయే. నేలను కొలవడంతోపాటు గ్రామచరిత్రలు, శాసనాలు, వ్రాతప్రతులు సేకరించడం ఆయన జీవితవ్రతం. కాని ఆయనకు ఈ దేశభాషలు రావు. ఆ లోటు తీర్చినవారు ఏలూరు ప్రాంతపు తెలుగువారైన కావలి సోదరులు: వెంకట బొర్రయ్య, లక్ష్మయ్య, రామస్వామి. బొర్రయ్య పరిచయంతోనే భారతీయ విజ్ఞానద్వారం తనకు తెరుచుకొన్నదని మెకంజీ 1817లో వ్రాసిన ఒక లేఖలో ఒప్పుకొన్నాడు. బొర్రయ్య 1803లో చిన్నవయస్సులోనే మరణించగా లక్ష్మయ్య ఆ పనిని కొనసాగించినాడు.

వారి పని సులువైనది కాదు. గ్రామ సమాచారం కరణాలవద్ద ‘కవిలె’లలో ఉండేది. కరణాల వ్రాత గొలుసుకట్టు వ్రాత. అక్షరానికీ అక్షరానికీ మధ్య కలం ఎత్తకుండా వ్రాసే ఆ లిపి తెలుగు చదువను నేర్చినవారికి కూడా ఒక పట్టాన కొరుకుడు పడదు. భాష తెలిసినంత మాత్రాన చాలదు. వ్రాసిన పద్ధతి కూడా తెలియవలెను. ఒక కుటుంబానికి మాత్రమే తెలిసిన పద్ధతిలో గ్రామం మొత్తపు లెక్క ఉన్నప్పుడు, ఆ కుటుంబం ఊరు విడిచిపోతే లెక్క ఉండీ లేనట్లే అవుతుంది. ఈ విషయాన్ని పాఠకులు గుర్తుంచుకొనవలెను. కంప్యూటరు యుగంలో ఇదే చిక్కు మరొక వేషంలో తిరిగి వచ్చినది.

గొలుసు, లింకు, గోళం

మెకంజీ కాలంలోనే విలియం లాంబ్టన్ 1802లో మద్రాసు దాపున సెయింట్ థామస్ కొండవద్ద ఒక ఆధారరేఖను కొలిచి, త్రికోణాల పద్ధతిలో దేశమంతటినీ కొలిచే మహాకార్యానికి నాంది పలికినాడు. ఆయన తరువాత ఆ భారం వహించిన జార్జి ఎవరెస్టు, భూమి ఆకారానికి సరిపడే దీర్ఘగోళపు కొలతలను 1830లో ప్రకటించినాడు. ఆ గోళంలో భూమధ్యరేఖ వద్ద వ్యాసార్ధం సుమారు 63,77,276 మీటర్లు. భారతదేశపు పటాలు చాలాకాలం ఈ గోళం ఆధారంగానే తయారైనవి.

ఇది దేశమంతటికీ సంబంధించిన పని. గ్రామాలలో పొలాల కొలత వేరుగా జరిగినది. మద్రాసు రాజధానిలో 1858లో రెవిన్యూ సర్వే మొదలైనది. అప్పటికి మూడేండ్ల క్రిందటనే, అనగా 1855లో, బెజవాడవద్ద కృష్ణపై ఆనకట్ట పూర్తి అయినది. కాలువనీరు పారిన పొలమేదో, పారనిది ఏదో తేలితేగాని శిస్తు నిర్ణయం కాదు. కనుక డెల్టాలో కొలతకు ప్రాధాన్యం పెరిగినది. సర్వేయరు 66 అడుగుల గొలుసుతో పొలం కొలిచేవాడు. గొలుసుకు 100 లింకులు. లక్ష చదరపు లింకులు ఒక ఎకరం. వేయి చదరపు లింకులు ఒక సెంటు. పొలాన్ని త్రికోణాలుగా విభజించి, గీతల పొడవులను, వాటినుండి గట్టు మలుపుల దూరాలను లింకులలో వ్రాసి ఉంచిన పుస్తకమే నేటికీ రైతులకు ‘ఎఫ్.ఎం.బి.’ అని పరిచయమైన క్షేత్రకొలతల పుస్తకం.

ఈ విధంగా ఒకే నేలను గురించి రెండు తెగల పటాలు ఏర్పడినవి. ఒకటి అక్షాంశ రేఖాంశాలతో కూడిన దేశపటం. రెండవది ఆ గ్రామపు సర్వేరాళ్ళనుండి మాత్రమే కొలిచిన పొలాల పటం. రెండవదానికి అక్షాంశ రేఖాంశాలతో నిమిత్తం లేదు. ఈ రెండింటినీ ఒకదానిపై ఒకటి పరచి చూడవలసిన అవసరం ఆ రోజులలో అంతగా రాలేదు. ఆ అవసరం కంప్యూటరుతో వచ్చినది.

కాగితం నుండి కంప్యూటరుకు

పటాలను కంప్యూటరులో నిల్వచేసి ప్రశ్నించే విధానాన్ని 1960 దశకంలో కెనడా దేశంలో రోజర్ టామ్లిన్సన్ రూపొందించినాడు. దానినే భౌగోళిక సమాచార వ్యవస్థ అంటారు. ఇందులో పొలం అనగా వరుసగా వ్రాసిన కొన్ని బిందువుల స్థానాలు. దానికి తోడుగా సర్వే నంబరు, విస్తీర్ణం, పంట మొదలైన వివరాల పట్టిక. ఈ రెంటినీ ఏ వరుసలో, ఏ గుర్తులతో వ్రాయవలెనన్న నిబంధనను ‘ఫార్మాటు’, అనగా నిల్వరూపం అంటారు. ఒక్కొక్క సంస్థ ఒక్కొక్క నిల్వరూపాన్ని కల్పించుకొన్నది.

వీటిలో మిక్కిలి ప్రచారం పొందినది ‘షేప్‌ఫైలు’. అమెరికాలోని ఎస్రి సంస్థ 1990 దశకపు తొలినాళ్ళలో దీనిని ప్రవేశపెట్టి, 1998లో దాని నియమాలను అందరికీ తెలిపినది. పేరు ఒక్కటేగాని ఇది కనీసం మూడు ఫైళ్ళ కట్ట: ఆకారాలకు ఒకటి, వాటి సూచికకు ఒకటి, వివరాల పట్టికకు ఒకటి. పట్టిక మాత్రం 1980 దశకపు ‘డి-బేస్’ పద్ధతిది. అందులో గడి పేరు 10 బైట్లకు మించరాదు. ఇంగ్లీషు అక్షరానికి ఒక బైటు చాలును. తెలుగులో యు.టి.ఎఫ్-8 పద్ధతి ప్రకారం ప్రతి గుర్తుకు 3 బైట్లు కావలెను. ‘గ్రామం’ అను మాటలో గ, పొల్లు, ర, దీర్ఘం, మ, సున్న అని 6 గుర్తులు. అనగా 18 బైట్లు. కాబట్టి ‘గ్రామం’ అంతటి చిన్న పేరు కూడా ఆ గడిలో పట్టదు. మన కార్యాలయాల పటాలలో గడుల పేర్లు తెలుగు గ్రామాలకు కూడా ఇంగ్లీషు పొడి అక్షరాలలో ఉండడానికి ఇదొక కారణం.

ఈ ఇరుకు తప్పించుటకు ఎస్రి సంస్థ 2006లో ‘ఫైల్ జియోడేటాబేస్’ అను మరొక రూపాన్ని తెచ్చినది. ఇది చూచుటకు ఫైలువలె ఉన్నా నిజానికి ఒక ఫోల్డరు. దీని లోపలి నియమాలను సంస్థ వెల్లడించలేదు. కరణంగారి గొలుసుకట్టు వ్రాత ఇక్కడ జ్ఞప్తికి రావలెను. మరొక వైపున, బర్క్‌లీ విశ్వవిద్యాలయంలో 1986లో మొదలైన పరిశోధననుండి పుట్టిన ‘పోస్ట్‌గ్రెస్’ అను దత్తాంశనిధికి, కెనడాలోని రిఫ్రాక్షన్స్ రిసెర్చి సంస్థవారు 2001లో పటాల జ్ఞానాన్ని జతచేసి ‘పోస్ట్‌జిఐఎస్’ అని పేరుపెట్టినారు. ఇందులో పటం ఫైలుగా ఉండదు. అనేకమంది ఏకకాలంలో ప్రశ్నలు వేయగల సర్వరులో ఉంటుంది. 2014లో ‘జియోప్యాకేజి’ అను బహిరంగ ప్రమాణం వచ్చినది. పటమంతా ఒకే ఫైలులో ఇమిడి ఉండడం దీని సుగుణం.

నడుమ నిలిచిన దుబాసి

నిల్వరూపాలు 20, వాటిని చదువగోరే ప్రోగ్రాములు 10 అనుకొందాము. ప్రతి ప్రోగ్రాముకూ ప్రతి రూపాన్నీ విడివిడిగా నేర్పవలెనంటే 200 అనువాదకులు కావలెను. అట్లుగాక నడుమ ఒక సామాన్యభాషను ఏర్పరచి, ప్రతి రూపానికి ఒక దుబాసిని, ప్రతి ప్రోగ్రాముకు ఒక లంకెను సమకూర్చితే 30తో పని తీరుతుంది. ఫ్రాంక్ వార్మర్‌డామ్ అను కెనడా ప్రోగ్రామరు 1998లో ప్రారంభించిన ‘జీడాల్’ గ్రంథాలయం చేసినది ఇదే. ఇక్కడ గ్రంథాలయం అనగా ఇతర ప్రోగ్రాములు ఎరువు తెచ్చుకొని వాడుకొనే ప్రోగ్రాముల సముదాయం. జీడాల్‌లో చిత్రపటాలకు ఒక భాగం, గీతలు, బిందువులతో కూడిన పటాలకు ‘ఓ.జి.ఆర్.’ అను మరొక భాగం కలవు. రెండింటిలో కలిపి వందకు మించిన డ్రైవర్లు ఉన్నవి. దీనిని ఎవరైనా ఉచితంగా వాడుకొనవచ్చును, మార్చుకొనవచ్చును.

ఒక ఫైలును తెరువమని కోరినప్పుడు జీడాల్ తనవద్దనున్న డ్రైవర్లను వరుసగా ‘ఇది నీకు తెలిసినదేనా?’ అని అడుగుతుంది. ప్రతి డ్రైవరు ఫైలు మొదటి బైట్లను పరీక్షిస్తుంది. షేప్‌ఫైలు అయితే మొదటనే 9994 అను సంఖ్య ఉంటుంది. జియోప్యాకేజి అయితే తాను ‘ఎస్క్యూలైట్’ రూపం మూడవ తరం దాననని ఫైలు మొదటనే వ్రాసి ఉంటుంది. గుర్తించిన డ్రైవరు ముందుకు వచ్చి పని అందుకొంటుంది. ఒక్కటియు గుర్తించకున్న ‘ఈ ఫైలును నేను ఎరిగిన రూపాలలో ఒకటిగా గుర్తించలేకున్నాను’ అను సందేశం వస్తుంది. ఆ సందేశం చూచి ఫైలు చెడిపోయినదని కంగారుపడేవారు చాలామంది. చెడిపోయినది ఫైలా, లేనిది దుబాసియా అని తేల్చుకొనడమే మొదటి పని.

నియమాలు వెల్లడించని ఫైల్ జియోడేటాబేస్‌కు కూడా చివరకు దుబాసి దొరికినది. ఆ ఫైళ్ళలోని బైట్లను ఓపికతో పరిశీలించి, వాటి అమరికను ఊహించి, పరీక్షించి, ఫ్రాన్సు దేశపు ఎవెన్ రువో ఒక డ్రైవరు వ్రాసినాడు. 2014లో అది జీడాల్‌లో చేరినది. అప్పుడది చదువగలిగినదేగాని వ్రాయలేదు. వ్రాసే శక్తి 2022లో వచ్చినది. శిలాశాసనపు లిపిని ఛేదించే పనికి, దీనికి పద్ధతిలో పోలిక ఉన్నది.

పైథాన్ రంగప్రవేశం

గీడో వాన్ రోసమ్ 1991లో విడుదల చేసిన పైథాన్ భాష నేర్చుకొనుటకు సులువైనది. అందుచేత శాస్త్రజ్ఞులు, విద్యార్థులు, ప్రభుత్వ కార్యాలయాలవారు దానివైపు మొగ్గినారు. కాని జీడాల్ వ్రాయబడినది సి++ అను వేరొక భాషలో. పైథాన్‌నుండి దానిని పిలుచుటకు మరొక వంతెన కావలసివచ్చినది. షాన్ గిలీస్ వ్రాసిన ‘ఫియోనా’, ఆ తరువాత వచ్చిన ‘పయోగ్రియో’ అట్టి వంతెనలు. వీటిపై నిలిచినది ‘జియోపాండాస్’ అను గ్రంథాలయం. ఇది 2013లో మొదలై, 2024లో మొదటి సంపూర్ణ సంస్కరణను చేరినది. అప్పటినుండి అది ఫియోనాకు బదులు పయోగ్రియోను వాడుక వంతెనగా స్వీకరించినది.

కనుక విజయవాడ వార్డుల పటాన్ని తెరువమని ఒక విద్యార్థి ఒక్క పంక్తి వ్రాసినప్పుడు, ఆ ఆజ్ఞ జియోపాండాస్‌నుండి వంతెనకు, వంతెననుండి జీడాల్‌కు, జీడాల్‌నుండి డ్రైవరుకు, ఒక్కొక్కప్పుడు డ్రైవరునుండి మరొక సహాయ గ్రంథాలయానికి చేరుతుంది. కాలువనీరు ప్రధాన కాలువనుండి పంటకాలువకు, అక్కడినుండి పిల్లకాలువకు, పిల్లకాలువనుండి బోదెకు పారినట్లే ఇదియును. చివరి మడి ఎండినదంటే లోపం బోదెలోనే ఉన్నదని చెప్పలేము. లాకులవద్దనుండి చూచుకొంటూ రావలెను.

తలుపు తెరుచుకొననప్పుడు

ఇట్టి చిక్కులు పలువురికి ఎదురైన అనుభవంవల్ల కారణాన్ని వెదకే ఒక క్రమం స్థిరపడినది. దీనిని రోగనిర్ణయంతో పోల్చవచ్చును.

మొదట పటాన్నే చూడవలెను. షేప్‌ఫైలు మూడు ముక్కలలో ఒకటి మాత్రమే నకలు చేసి తెచ్చినవారు కలరు. సూచిక ఫైలు పోయినచో దానిని తిరిగి నిర్మించుకొనే ఏర్పాటు జీడాల్‌లోనే కలదు. వివరాల పట్టిక పోయినచో వివరాలు పోయినట్లే. ఫైల్ జియోడేటాబేస్ అయితే ఫోల్డరు పేరును ఇవ్వవలెనుగాని అందులోని ఒక ఫైలు పేరును కాదు. ఫైలుకు దారి తప్పుగా వ్రాసినా సందేశం దాదాపు ఇదే తీరున ఉండి భ్రమ కల్పిస్తుంది.

రెండవది, డ్రైవరు అసలు ఉన్నదా అని అడుగవలెను. జీడాల్‌తోపాటు వచ్చే ‘ఓజీఆర్‌ఇన్‌ఫో’ అను పనిముట్టును ‘ఫార్మాట్స్’ అను ఐచ్ఛికంతో నడిపితే ఆ యంత్రంలోని డ్రైవర్ల జాబితా కనబడుతుంది. ప్రతి పేరు ప్రక్కన చదువుటకు మాత్రమే పనికివచ్చునా, వ్రాయుటకు కూడానా అని గుర్తులుంటవి. జీడాల్‌ను కట్టేటప్పుడు ఏ డ్రైవర్లు చేర్చవలెనో కట్టేవారి ఇష్టం. పోస్ట్‌గ్రెస్ డ్రైవరుకు ‘లిబ్‌పీక్యూ’ అను సహాయ గ్రంథాలయం ఉండవలెను. అది లేకుండా కట్టిన జీడాల్‌లో ఆ డ్రైవరు ఉండదు. పైథాన్‌కు సిద్ధం చేసి పంచిపెట్టే మూటలలో బరువు తగ్గించుటకై కొన్ని డ్రైవర్లను వదలివేస్తారు. ‘కోండా-ఫోర్జ్’ అను భాండాగారంలో 2024నుండి పోస్ట్‌గ్రెస్ మొదలైన కొన్ని డ్రైవర్లను విడి మూటలుగా ఉంచినారు. కావలసినవారు వాటిని వేరుగా తెచ్చుకొనవలెను. మునుపు పనిచేసిన ప్రోగ్రాము కొత్త యంత్రంలో పనిచేయకపోవుటకు ఇదొక ముఖ్యకారణం.

మూడవది, వంతెన అడ్డగించినదేమో చూడవలెను. ఫియోనాకు తనదైన అనుమతి జాబితా ఒకటి కలదు. బాగుగా పరీక్షించిన డ్రైవర్లకే అందులో చోటు. చదువుటకు, చేర్చుటకు, వ్రాయుటకు వేర్వేరు అనుమతులు. జీడాల్‌లో డ్రైవరు ఉన్నా ఈ జాబితాలో పేరు లేనిచో ‘ఈ డ్రైవరుకు మద్దతు లేదు’ అని ఫియోనా తిప్పిపంపుతుంది. గూగుల్ ఎర్త్ వాడే ‘కే.ఎం.ఎల్.’ పటాల విషయంలో ఇది చాలామందిని తికమకపెట్టినది. ఓజీఆర్‌ఇన్‌ఫో జాబితాలో ఉండి, పైథాన్ జాబితాలో లేని పేరు కనబడినచో లోపం వంతెనలో ఉన్నదని తేలుతుంది. లేదా పైథాన్ వేరొక జీడాల్‌ను వాడుచున్నదని అర్థం.

ఈ రెండవ అవకాశం సామాన్యమైనది కాదు. ఒకే కంప్యూటరులో పటాల ప్రోగ్రాము తెచ్చుకొన్న జీడాల్ ఒకటి, పోస్ట్‌జిఐఎస్ తెచ్చుకొన్నది మరొకటి, పైథాన్ మూటలో వచ్చినది ఇంకొకటి ఉండవచ్చును. ఒకే ఇంట మూడు పొయ్యిలు వెలిగినట్లు ఇవి వేరువేరుగా ఉన్నంతవరకు బాధ లేదు. ఒకదాని డ్రైవరును మరొకటి తీసుకొనబోయినప్పుడు సంస్కరణ సంఖ్యలు సరిపడక చిక్కు వస్తుంది. అందుచేత ప్రతి పనికి ప్రత్యేకమైన పైథాన్ పరిసరాన్ని ఏర్పరచుకొని, అన్ని మూటలను ఒకే భాండాగారంనుండి తెచ్చుకొనడం మేలైన పద్ధతి.

నాల్గవది, ‘డ్రైవరు’ అను మాటకే ఇక్కడ రెండు అర్థాలున్నవని తెలుసుకొనవలెను. పైథాన్‌నుండి పోస్ట్‌గ్రెస్‌తో నేరుగా మాట్లాడే ‘సైకోపీజీ’ని కూడా డ్రైవరనే అంటారు. దానికి జీడాల్‌తో సంబంధం లేదు. జియోపాండాస్‌లో పోస్ట్‌జిఐఎస్‌ను చదివే ప్రత్యేకమైన ఏర్పాటు ఈ మార్గాన పోతుంది. కాబట్టి జీడాల్‌లో పోస్ట్‌గ్రెస్ డ్రైవరు లేకున్నను దత్తాంశనిధినుండి పటాన్ని తెచ్చుకొనే రెండవ దారి ఒకటి ఉన్నది. ఒక లాకు మూసి ఉన్నప్పుడు వేరొక కాలువను వెదకుట వంటిది ఇది.

రెండు గోళాల తగాదా

తలుపు తెరుచుకొన్న తరువాత కూడా ఒక గండం మిగిలి ఉంటుంది. ఉపగ్రహాల సహాయంతో స్థానాన్ని తెలిపే పరికరాలు వాడే ‘డబ్ల్యు.జి.ఎస్. 84’ గోళానికి భూమధ్యరేఖ వద్ద వ్యాసార్ధం 63,78,137 మీటర్లు. ఎవరెస్టు గోళంకన్న సుమారు 861 మీటర్లు అధికం. రెండు గోళాల కేంద్రాలు కూడా ఒకేచోట లేవు. విజయవాడ సుమారు 16.5 డిగ్రీల ఉత్తర అక్షాంశం, 80.6 డిగ్రీల తూర్పు రేఖాంశం వద్ద కలదు. ఇక్కడ ఒక గోళపు అంకెలను మరొక గోళపు అంకెలుగా పొరపడితే స్థానం రమారమి 200 మీటర్లు జరుగుతుంది. 1957లో ప్రారంభమైన ప్రకాశం బ్యారేజీ పొడవు 1,223 మీటర్లు. అందులో ఆరవవంతు దూరం పటంలో తప్పిపోతుందన్నమాట. భారత సర్వే శాఖ 2005నాటి జాతీయ పటాల విధానంతో ప్రజలకిచ్చే పటాలను డబ్ల్యు.జి.ఎస్. 84కు మార్చినది. అయినను పాత పటాలు కార్యాలయాలలో ఉన్నవి.

ఈ మార్పిడిని చేసే గ్రంథాలయం పేరు ‘ప్రోజ్’. దీనిని 1980 దశకంలో అమెరికా భూగర్భ సర్వేలో జెరాల్డ్ ఎవెండెన్ వ్రాసినాడు. 2019నుండి ప్రోజ్ తన గోళాల వివరాలను ఒక చిన్న దత్తాంశనిధిలో ఉంచుకొంటున్నది. పోస్ట్‌జిఐఎస్‌ను స్థాపించేటప్పుడు ఒక్కొక్కప్పుడు తన ప్రోజ్ నిధి ఉన్నచోటును యంత్రమంతటికీ ప్రకటిస్తుంది. పైథాన్ ఆ ప్రకటనను నమ్మి, తనకు సరిపడని పాతనిధిని తెరిచి, ‘సంస్కరణ కుదరలేదు’ అని ఆగిపోతుంది. ఆ ప్రకటనను పైథాన్ పరిసరంలో తొలగిస్తే చిక్కు విడిపోతుంది. డ్రైవరు లోపమని అనుమానించిన అనేక సందర్భాలలో అసలు దోషం ఇక్కడ బయటపడినది.

నీరు వచ్చిన రోజున

ఇదంతా కంప్యూటరు గదిలోని పేచీ అని తోచవచ్చును. డెల్టావాసులకు మాత్రం ఇది ప్రాణాలతో ముడిపడిన విషయం. 1977 నవంబరు 19న దివిసీమను ముంచిన ఉప్పెనలో పదివేలకు మించి జనులు చనిపోయినారు. 2024 సెప్టెంబరు మొదటి రోజులలో బుడమేరు పొంగి, దానికి గండ్లు పడి విజయవాడలో అజిత్‌సింగ్ నగర్ మొదలైన ప్రాంతాలు రోజుల తరబడి నీటిలో నిలిచినవి. సెప్టెంబరు 2న ప్రకాశం బ్యారేజీకి 11.43 లక్షల క్యూసెక్కుల వరద వచ్చినది. అంతటి ప్రవాహం అక్కడ అంతకుముందు నమోదు కాలేదు.

అట్టి సమయంలో అడుగవలసిన ప్రశ్న సామాన్యమైనది: నీరు నిలిచినది ఎక్కడ, అక్కడ ఎన్ని ఇండ్లు ఉన్నవి, చేరుటకు దారి ఏది? జవాబు మాత్రం ఒక్కచోట ఉండదు. నీటి విస్తీర్ణం ఉపగ్రహచిత్రంనుండి వస్తుంది. వార్డుల హద్దులు ఒక కార్యాలయంలో షేప్‌ఫైలుగా ఉండవచ్చును. కాలువగట్లు మరొకచోట ఫైల్ జియోడేటాబేస్‌లో, ఇండ్ల జాబితా పోస్ట్‌జిఐఎస్‌లో ఉండవచ్చును. ఈ నాలుగూ ఒకదానిపై ఒకటి పరచబడితేగాని పడవ ఏ వీధికి పోవలెనో తెలియదు. వాటిలో ఒక్కదానికి దుబాసి లేకున్న ఆ పటం ఆ రోజుకు లేనట్లే. ఇండ్ల పటం 200 మీటర్లు ప్రక్కకు జరిగి ఉంటే, లేకున్నదానికన్న అది ప్రమాదం. కాబట్టి తలుపులన్నీ తెరుచుకొంటున్నవా అని ఎండకాలంలోనే పరీక్షించుకొనవలెను.

భూమి హక్కుల విషయంలోను ఇంతే. దాదాపు ఒక శతాబ్దం తరువాత ఆంధ్రప్రదేశ్‌లో భూముల సమగ్ర సర్వే 2020 డిసెంబరు 21న జగ్గయ్యపేట మండలం తక్కెళ్ళపాడులో ప్రారంభమైనది. గొలుసుకు బదులు డ్రోనులు, ఉపగ్రహ సంకేతాలను అందుకొనే పరికరాలు వచ్చినవి. 2022 ఏప్రిల్‌లో జిల్లాల పునర్విభజనతో తక్కెళ్ళపాడు కృష్ణా జిల్లానుండి ఎన్.టి.ఆర్. జిల్లాకు మారినది. పేర్లు, హద్దులు మారినను అదే పొలం, అదే గట్టు. ఆ పొలపు పాత ఎఫ్.ఎం.బి.లోని లింకుల లెక్కను నేటికీ ఎవరైనా చదువగలరు. 66 అడుగులకు 100 లింకులని తెలిస్తే చాలును. ఆ నియమం దాపరికం లేనిది. నేటి డ్రోను తీసిన పటం కూడా నూరేండ్ల తరువాత చదువబడవలెనంటే దానిని నియమాలు బహిరంగంగా ఉన్న నిల్వరూపంలో దాచవలెను; ఏ గోళం ఆధారంగా కొలిచినదీ దానితోపాటు వ్రాసి ఉంచవలెను.

ఉన్నత పాఠశాలల విద్యార్థులు ఈ విషయాన్ని స్వయంగా పరీక్షించి చూడవచ్చును. జీడాల్, పైథాన్, క్యూజిఐఎస్ అను పటాల ప్రోగ్రాము, ఇవన్నీ ఉచితంగా లభించేవే. తమ ఊరి చెరువు, బడి, కాలువ గుర్తించి ఒక చిన్న పటం చేసి, దానిని షేప్‌ఫైలుగాను, జియోప్యాకేజిగాను భద్రపరచి, రెండింటిలో ‘గ్రామం’ అను గడిపేరు ఏమైనదో పోల్చవలెను. తరువాత డ్రైవర్ల జాబితా తెప్పించి ఏది చదువగలదో, ఏది వ్రాయగలదో గుర్తించవలెను. బొర్రయ్య, లక్ష్మయ్యలు ఊరూరా తిరిగి, కరణాల కవిలెలు చదివించి పదిలపరచినందువలననే అనేక గ్రామాల చరిత్ర మనకు దక్కినది. ఈ తరంవారు తయారుచేసే పటాలు వచ్చే తరానికి దక్కుట, వాటిని చదువగల దుబాసులను ఇప్పుడే సమకూర్చి ఉంచుటపై ఆధారపడి ఉన్నది.